బాల్కనీలో వాలిన రంగుల పిట్ట పెంపుడుదేనా?

మీ బాల్కనీలో వాలి, మనిషిని చూసినా ఎగరని పిట్ట ఎవరైనా పెంచుకుంటున్నదేమో అని అడిగారు కదా. మీరు చెప్పిన గుర్తులు (ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లటి పట్టీ, తోక కింద ఎరుపు, పొట్టి తోక) చూస్తే అది పొన్నంగి పిట్ట. ఎవరింట్లో నుంచో తప్పించుకొచ్చింది కాదు, అచ్చమైన అడవి పిట్ట. హిందీలో నవరంగ్ అంటారు. అన్నట్టు, శాస్త్రవేత్తలు ఈ జాతికి పెట్టిన ‘పిట్టా’ అన్న పేరు మన తెలుగు మాటే!

మరి మనిషిని చూసినా ఎందుకు ఎగరలేదు? అది మచ్చిక కాదు, అలసట. ఇవి వేసవిలో హిమాలయాల పాదాల దగ్గర, మధ్య భారతంలో గూళ్లు పెట్టి, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు వస్తాయి. ప్రయాణమంతా రాత్రిపూటే. దారిలో నీరసించో, కిటికీ అద్దానికి కొట్టుకునో ఇలా ఇళ్లలో పడుతుంటాయి.

దాని ముందు గింజలు పోసి లాభం లేదు, అది పురుగులు, వానపాములు తినే పిట్ట. నోట్లో నీళ్లు అసలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, చీకటిగా ఉన్న గదిలో కాసేపు వదిలేయండి. ఫొటోల కోసం మాటిమాటికీ మూత తీయొద్దు. తేరుకున్నాక చెట్ల దగ్గర పెట్టె తెరిస్తే అదే పోతుంది. రెక్క వేలాడుతుంటే మాత్రం అటవీ శాఖకు ఫోన్ చేయండి.

ముద్దుగా ఉందని పంజరం మాత్రం కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పెంచుకోవడం నేరం. మన రామచిలుకకూ అదే రూలు.