హేగే రీసే ఆట మీద పాఠకుల ప్రశ్నలు

ప్ర: మా అమ్మాయికి పదమూడేళ్లు. స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో మిడ్‌ఫీల్డ్, అంటే మైదానం నడిమి భాగంలో ఆడుతోంది. గోల్స్ కొట్టదని ఇంట్లో అందరూ తక్కువ చేసి మాట్లాడుతున్నారు. నార్వే క్రీడాకారిణి హేగే రీసే కూడా మిడ్‌ఫీల్డరేనట. ఆమెకి అంత పేరు ఎలా వచ్చిందండీ?
– ఒక తల్లి, అమలాపురం

జ: ఇంట్లోవాళ్లకి ముందు ఈ లెక్క చెప్పండి. రీసే నార్వే తరఫున 188 మ్యాచ్‌లాడి 58 గోల్స్ కొట్టింది. అంటే మూడు మ్యాచ్‌లకి ఒకటి కూడా పడలేదు. అయినా 1995లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణికిచ్చే గోల్డెన్ బాల్ ఆమెకే దక్కింది. ఆ టోర్నీలో ఎక్కువ గోల్స్, ఆరు, ఆమె సహచరి ఆన్ క్రిస్టిన్ ఆరోనెస్‌వి. రీసేవి ఐదు.

అప్పటి కోచ్ ఎవెన్ పెల్లెరూద్ బంతిని పొడవుగా ముందుకి కొట్టించే ఆట ఆడించేవాడు. అలాంటి ఆటలో బంతి ఎవరి తలకో తగిలి కింద పడ్డాక దాన్ని ఎవరు అందుకుంటారన్నదే అసలు సంగతి. అందుకున్నాక తొందరపడకుండా సరైన చోటికి పంపే మనిషి నడుమ ఉండాలి. నార్వేకి ఆ మనిషి రీసే. ఆరు మ్యాచ్‌ల్లో జట్టు 23 గోల్స్ చేసి ఒక్కటే ఇచ్చింది. ఫైనల్ వానలో జరిగింది. జర్మనీ మీద 37వ నిమిషంలో తొలి గోల్ రీసేదే. మూడు నిమిషాలకి మారియాన్నె పెట్టర్సెన్ రెండోది కొట్టింది, 2-0. అంతకుముందు 1993 యూరో, అంటే యూరప్ దేశాల కప్పు, ఆ తర్వాత 2000 సిడ్నీ ఒలింపిక్స్ స్వర్ణం. మూడు పెద్ద కిరీటాలూ ఆమె ఖాతాలో ఉన్నాయి.

ప్ర: ఆట మానేశాక ఏం చేసింది?
– డిగ్రీ విద్యార్థిని, తణుకు

జ: కోచింగ్. అమెరికా జట్టుకి పియా సుంధాగె దగ్గర సహాయ కోచ్‌గా ఉంది, ఆ జట్టు 2012 ఒలింపిక్స్ గెలిచింది. తర్వాత నార్వేలో ఎల్‌ఎస్‌కే క్లబ్‌కి 2017, 2018, 2019 లీగ్ టైటిళ్లు తెచ్చింది. 2021లో ఇంగ్లండ్‌కి తాత్కాలిక కోచ్, అదే ఏడాది టోక్యోలో బ్రిటన్ ఒలింపిక్ జట్టుకి కోచ్. 2022 నుంచి 2023 వరకు నార్వే జట్టుకి. 2023 ప్రపంచకప్‌లో ఆమె జట్టుని ఇంటికి పంపింది జపాన్, 1-3తో. తొంభైల్లో ఆమె క్లబ్ ఫుట్‌బాల్ ఆడిన దేశమే అది.

ప్ర: పీఈటీని. మా పిల్లలు పాస్ అందుకున్నాక చుట్టూ చూసుకునేలోపు బంతి పోతోంది. రీసేలా ముందే చూడడం నేర్పే పద్ధతి ఏదైనా ఉందా?
– పాలకొల్లు

జ: ఉంది, ఖర్చు లేనిది. పది మీటర్ల చదరానికి నాలుగు మూలలా కొబ్బరి డొక్కలు పెట్టండి. మూలకొకరు, నడుమ ఒకరు. మీరు నడుమ ఉన్న అమ్మాయి వెనక నిలబడి వేళ్లు చూపించండి. బంతి తన కాలికి తగలకముందే వెనక్కి చూసి ఆ అంకె గట్టిగా చెప్పాలి. ఆ తర్వాతే అందుకుని, వచ్చిన వైపు కాక మరో మూలకి పంపాలి. 45 సెకన్లు ఆట, 45 సెకన్లు విశ్రాంతి, ఒక్కొక్కరికి నాలుగు విడతలు. అలసిపోయాక చేయిస్తే చూడడం మానేసి ఊహించి చెప్తారు, అక్కడ ఆపేయండి.

ఎప్పుడు చూడాలన్న దగ్గరే అందరూ తప్పుతారు. పాస్ ఇచ్చే అమ్మాయి కాలు బంతికి తగిలే క్షణంలో కళ్లు బంతి మీదే ఉండాలి, లేకపోతే అది ఎటు వస్తుందో తెలీదు. దానికి ముందొకసారి, బంతి దొర్లుతుండగా ఇంకోసారి భుజం మీదుగా చూడాలి. రెండోది నిలబడి చూసే చూపు కాదు, తల తిప్పి వెంటనే తెచ్చేసుకోవాలి.

ఒళ్లు కూడా పక్కకి తిరిగి ఉండాలి. బంతి వచ్చే వైపున్న కాలితో ఆపితే అది కాళ్ల మధ్య ఇరుక్కుంటుంది. దూరంగా ఉన్న కాలితో, పాదం లోపలి వైపుతో అందుకుంటే అదే కదలికలో ముందుకి తిరగొచ్చు. పాస్ ఇచ్చేటప్పుడు ఆనుకునే కాలు బంతికి జానెడు పక్కన, వేళ్లు పంపాల్సిన వైపుకి. తన్నే కాలి వేళ్లు పైకెత్తి చీలమండ బిగించాలి. చీలమండ వదులైతే బంతి గాల్లోకి లేస్తుంది.

ప్ర: సార్వా నాట్ల వేళకి మా గ్రౌండ్ అంతా బురద. బంతి దొర్లదు, బూట్లు జారిపోతాయి.
– ఇంటర్ విద్యార్థిని, రాజోలు

జ: నీళ్లు నిలిచిన చోట నేల మీద పాస్ ఇవ్వకమ్మా, మధ్యలోనే ఆగిపోతుంది. లేపి పంపాలి. కాస్త ఏటవాలుగా వచ్చి, బూటు లేసులు కట్టే భాగంతో బంతి నడిమికి కొద్దిగా కింద కొట్టు. ఐదో నంబర్ బంతి 410 నుంచి 450 గ్రాములుండాలి. పాత కుట్టు బంతి నీళ్లు తాగి అంతకంటే బరువెక్కుతుంది. అలాంటిదాన్ని తలతో ఆడొద్దు.

మన ఒండ్రుమట్టి జిగట. బూటు అడుగున పొడుచుకొచ్చే బొడిపెల (స్టడ్ల) మధ్య అది నిండితే అడుగు నున్నగా అయిపోతుంది, జారేది అందుకే. హాఫ్ టైంలో పుల్లతో గీకెయ్యి. ఇంటికొచ్చాక కడిగి, లోపల పాత పేపర్లు కుక్కి నీడన ఆరబెట్టు. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది. రెండేళ్లు వస్తాయని పెద్ద సైజు కొనొద్దని ఇంట్లో చెప్పు. లోపల పాదం కదిలితే గోళ్లూ పోతాయి, మలుపుల్లో చీలమండా మడత పడుతుంది.

దాళ్వా కోతయ్యాక చేలో ఆడుకునేవాళ్లు కొయ్యకాళ్లు ముందు కోయించుకోవాలి. ఉత్తికాళ్లతో అస్సలు దిగకూడదు.

ప్ర: ఆడపిల్లలకి మోకాలి గాయాలు ఎక్కువంటారు. ఆడించడం మానిపించాలా?
– ఒక తండ్రి, భీమవరం

జ: మానిపించకండి, సన్నాహం మార్పించండి. ఇందులో దారి చూపింది నార్వేనే. అక్కడ 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల జట్ల మీద ‘11 ప్లస్’ అనే వార్మప్‌ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి. మొత్తం 20 నిమిషాల పని. మెల్లగా పరుగు, ఆ తర్వాత బలానికీ గెంతుకీ నిలకడకీ వ్యాయామాలు, చివర్లో వేగంగా పరుగు, మలుపులు. వారానికి రెండుసార్లయినా చెయ్యాలి, అప్పుడప్పుడు చేస్తే ఫలితం ఉండదు.

గెంతి దిగేటప్పుడు ఎదురుగా నిలబడి మోకాళ్లు గమనించండి. అవి లోపలికి, ఒకదానివైపు ఒకటి వాలకూడదు. మోకాలు పాదం వేళ్లకి సూటిగా పైన ఉండాలి, కొద్దిగా వంగి, చప్పుడు లేకుండా దిగాలి. ధబ్బున చప్పుడైతే ఆ గెంతు మళ్లీ చేయించండి. ఆటలో మోకాలు పట్ మని కొన్ని గంటల్లోనే వాస్తే ఆ సాయంత్రమే ఎముకల డాక్టర్‌కి చూపించండి, పసరు కట్టు కట్టించి మళ్లీ గ్రౌండ్‌కి పంపకండి.