మిగిలే ఒక్కరికి సరిపోయే ఊరు చూసుకో

విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి, అమ్మాయికి అత్త ఆశీస్సులు.

రిటైరయ్యాక విదేశంలో కాపురం పెడదామా అంటూ నువ్వు వాట్సాప్‌లో పంపిన వీడియోలన్నీ చూశాను. బాలి, థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై, వియత్నాంలోని దనాంగ్, చివర్లో పనామా కూడా. నెలకు అరవై వేలల్లో రాజాలా బతకొచ్చని చెప్పేవాళ్లలో ఒక్కడికైనా జుట్టు నెరిసిందా? వాళ్లకి మోకాళ్ల నొప్పులు లేవు, బీపీ మాత్రల డబ్బా లేదు. నచ్చకపోతే బ్యాగు భుజాన వేసుకుని ఇంకో ఊరు పోతారు. నీకు వచ్చే ఏడు స్టీల్ ప్లాంటులో రిటైర్మెంటు, అమ్మాయికి షుగరు. కాబట్టి మీ లెక్క వేరు.

"వైజాగ్‌లో సముద్రం లేదా, కొబ్బరిచెట్లు లేవా" అని నేననను. మేం మలేసియాలోని పెనాంగ్‌కు కాపురం వెళ్లేటప్పుడు ఆ మాట విని విని నాకూ మీ మావయ్యకూ విసుగొచ్చింది. వెళ్లాలని ఉంటే వెళ్లండి. ఎక్కడికి, ఎలా అన్నదే చూసుకోవాలి. మీరిద్దరూ సాయంత్రం పూట బీచిలో నడుస్తున్నట్టు ఊహించుకుని మాత్రం ఊరు ఎంచుకోకు. ఇద్దరిలో ఒకరే మిగిలిన రోజున ఆ ఒక్కరు అక్కడ ఎలా ఉంటారో ముందు ఆలోచించు. అపశకునం మాట్లాడుతున్నాననుకోకు. నేను ఆ రోజులు అక్కడే గడిపిన మనిషిని.

ముందు నీ డబ్బు సంగతి. రిటైరైనవాళ్లకు వీసా ఇచ్చే దేశాలు సాధారణంగా రెండింటిలో ఒకటి అడుగుతాయి: నెలనెలా వచ్చే పింఛను, లేదా బ్యాంకులో పెద్ద మొత్తం. పనామా, కోస్టారికా నెలకు వెయ్యి డాలర్ల జీవితకాల పింఛను చూపించమంటాయి. నీకొచ్చేది ఈపీఎస్, అంటే పీఎఫ్ ఆఫీసు ఇచ్చే పింఛను. పదిహేను వేల జీతం పరిమితి మీద లెక్క కట్టేవాళ్లకు అది నెలకు 7,500 దాటదు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి చేతికొచ్చే మొత్తం బాగానే ఉండొచ్చు గానీ దాన్ని ఆ దేశాలు పింఛనుగా చూడవు. పైగా పనామా నుంచి వైజాగ్ రావాలంటే ఎన్ని విమానాలు మారాలో చూసుకో. దాన్ని కొట్టేసెయ్.

శ్రీలంక దగ్గరే. 55 దాటినవాళ్లకు 15,000 డాలర్ల డిపాజిట్‌తో వీసా ఇచ్చే పథకం ఉంది. డిపాజిట్ చిన్నదే కానీ ఆ తర్వాత నెలనెలా బయటి నుంచి నీ పేరున 1,500, అమ్మాయికి 750 డాలర్లు తెప్పించుకోవాలి. ఇద్దరికీ కలిపి నెలకు దాదాపు రెండు లక్షల రూపాయలు. ఖర్చు పెట్టినా పెట్టకపోయినా డబ్బు రావాల్సిందే. 2022లో అక్కడ పెట్రోలుకీ గ్యాసుకీ జనం క్యూల్లో నిలబడ్డ సంగతి నువ్వూ టీవీలో చూసే ఉంటావు. వియత్నాంకు అసలు రిటైర్మెంటు వీసాయే లేదు. 90 రోజుల ఈ-వీసా మీద వెళ్లి వస్తూ ఉండాలి, ఈ వయసులో అది కాపురం కాదు. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇస్తారు, మనవాళ్లు తరాల క్రితమే అక్కడికి చేరారు. ఆ మాట వింటే మనసు లాగుతుంది, కానీ చవక కాదు. తుపానులు మనకన్నా తక్కువేం కాదు.

మలేసియా సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే రూల్స్ ఎలా మారతాయో దాన్ని చూస్తే తెలుస్తుంది. మేం వెళ్లినప్పుడు 50 దాటినవాళ్లు లక్షా యాభై వేల రింగిట్ల డిపాజిట్, నెలకు పదివేల రింగిట్ల ఆదాయం చూపిస్తే సరిపోయేది. మీ మావయ్య షిప్పుల్లో చీఫ్ ఇంజనీరుగా సంపాదించిన దాంతో అది సర్దుకుంది. 2021లో ఉన్నట్టుండి ఆ ఆదాయాన్ని నలభై వేలకు, డిపాజిట్‌ను పది లక్షల రింగిట్లకు పెంచారు. 2024లో మళ్లీ మార్చి సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని తరగతులు పెట్టారు. ఈ మూడింటిలో కిందిదైన సిల్వర్‌కే లక్షా యాభై వేల డాలర్ల డిపాజిట్ ఉంది, అది కాక ఆరు లక్షల రింగిట్లకు తగ్గకుండా ఇల్లు కొని తీరాలి. డిపాజిట్ కోటీ పాతిక లక్షల పైన, ఇల్లు ఇంకో కోటి పైన. నీ మొత్తం అందులోనే పోతుంది. పెనాంగ్ అంటే నాకు ఇప్పటికీ ప్రాణమే. జార్జ్‌టౌన్ లిటిల్ ఇండియాలో కరివేపాకు, మునక్కాయలు దొరికేవి. లోయర్ పేరాక్ వైపు తోటల్లో పనిచేయడానికి వెళ్లినవాళ్ల మనవలు పలికే తెలుగులో శ్రీకాకుళం యాస వినబడితే మీ మావయ్య గంటల తరబడి కదిలేవారు కాదు. అయినా ఇప్పుడు నీకు పెనాంగ్ చెప్పను.

నన్నడిగితే థాయ్‌లాండ్ చూడు. 50 దాటినవాళ్లు బ్యాంకులో ఎనిమిది లక్షల బాత్‌లు ఉంచితే వీసా ఏడాది చొప్పున పొడిగిస్తారు. మన డబ్బుల్లో ఇరవై లక్షల చుట్టూ అవుతుంది. లేదా నెలకు 65,000 బాత్‌ల ఆదాయం చూపాలి, అది నీకు కుదరదు. డిపాజిట్ దారిలో ఒక తిరకాసు ఉంది: పొడిగింపుకు రెండు నెలల ముందు నుంచీ, వచ్చాక మూడు నెలల దాకా ఆ మొత్తం కదలకూడదు. మిగతా ఏడాదిలో కూడా నాలుగు లక్షల కిందికి పోకూడదు. అంటే అది తినడానికి ఉన్న డబ్బు కాదు, లేదనుకో. ఇక్కడి నుంచే ఓ-ఏ అనే వీసా తీసుకుని వెళ్తే ఆరోగ్య బీమా కూడా చూపాలి. 90 రోజులకోసారి అడ్రసు రిపోర్టు చేయాలి. వీసా రాగానే అయిపోయిందనుకోకు, ఇల్లు అలకగానే పండగ కాదు.

అసలు విషయం ఇక్కడుంది. భార్యను భర్త వీసా మీద డిపెండెంటుగా తీసుకెళ్లొచ్చు. అందరూ అదే చేస్తారు, ఒక డిపాజిట్ మిగులుతుందని. ఆ భర్త పోతే ఆమె వీసాకు ఆధారమే ఉండదు. దుఃఖంలో ఉన్న మనిషి, భాష రాని ఊళ్లో, ఇమిగ్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగాలి. అమ్మాయికి యాభై దాటాయి కదా, తన వీసా తన పేరునే, తన డిపాజిట్ తన ఖాతాలోనే పెట్టించు. నలభై లక్షలు ఇరుక్కుంటాయి, నిజమే. అది భరించలేకపోతే ఆ దేశం మీకు చవక కాదని అర్థం.

బ్యాంకు ఖాతాలు కూడా అంతే. మీ మావయ్య పోయిన విషయం తెలియగానే ఆయన పేరు మీద ఉన్న ఖాతా బిగించేశారు. కోర్టు నుంచి వారసత్వ కాగితం వచ్చేదాకా పైసా కదల్లేదు. ఎవర్నీ తిట్టుకోనక్కర్లేదు, అక్కడి పద్ధతే అది. ఆయన ముందుచూపున్న మనిషి కాబట్టి, వెళ్లిన కొత్తలోనే నా పేరున విడిగా ఖాతా తెరిపించి ఏడాది ఇంటిఖర్చు అందులో వేసి ఉంచారు. అంత్యక్రియలకూ అద్దెకూ నేనెవరి ముందూ చెయ్యి చాచలేదు. మీరూ అలాగే చేయండి. అక్కడి డబ్బుకు అక్కడి లాయరు దగ్గర వేరే వీలునామా రాయించు, ఇక్కడి ఆస్తికి ఇక్కడ ఇంకొకటి. అమ్మాయికి ఏటీఎం కార్డు వాడటం, అద్దె కట్టడం, ఆస్పత్రికి ఫోను చేయడం ఒంటరిగా వచ్చి తీరాలి. "అవన్నీ ఆయనే చూసుకుంటారండీ" అని తను నవ్వుతూ అంటే నాకు భయమేస్తుంది.

ఇల్లు కొనకు. థాయ్‌లాండ్‌లో విదేశీయులు నేల కొనలేరు. కాండో ఫ్లాట్ కొనొచ్చు, అదీ ఒక బిల్డింగు విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం మించకూడదు. బాలిలో కూడా విదేశీయుడికి నేల మీద పూర్తి హక్కు రాదు. ఎవరో స్థానికుడి పేరు మీద పెట్టి కొనిపిస్తామనే బ్రోకర్లు రెండు చోట్లా తగులుతారు. వాళ్లు కాఫీ ఇప్పించినా తాగకు. ఏడాది అద్దెకు ఉండు, ఆ తర్వాత కూడా అద్దెకే ఉండు. ఇక్కడి మీ కూర్మన్నపాలెం ఇల్లు మాత్రం అమ్మొద్దు. కింది వాటా అద్దెకిచ్చి, పై గది తాళం మీ దగ్గర ఉంచుకోండి. నేను తిరిగి రాగలిగానంటే, వచ్చి దిగడానికి నాకో ఇల్లుంది కాబట్టే.

ఆరోగ్యం సంగతి. ఇక్కడి ఆరోగ్య బీమా సాధారణంగా ఇక్కడి ఆస్పత్రులకే. అలాగని ఆపేయకు, అక్కడ ఉన్నా ఏటా ప్రీమియం కట్టు. ఒకసారి లాప్స్ అయితే మళ్లీ తీసుకున్నప్పుడు ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అమ్మాయి షుగరుకు అదే దెబ్బ. 70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ భారత్ కింద 2024 నుంచి ఆదాయంతో పని లేకుండా ఐదు లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు భరిస్తున్నారు, అదీ మన దేశంలోనే. కాబట్టి పెద్ద ఆస్పత్రి అరగంటలో అందే ఊరు చూడు. థాయ్‌లాండ్‌లో హువా హిన్ అలాంటిది. బ్యాంకాక్ నుంచి కారులో మూడు గంటలు, సముద్రం ఒడ్డు, పెద్ద ప్రైవేటు ఆస్పత్రి ఊళ్లోనే ఉంది. చియాంగ్ మై చల్లగా, చవకగా ఉంటుందంటారు కానీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చుట్టుపక్కల పొలాలూ అడవులూ తగలబెట్టిన పొగ ఊరంతా కమ్మేస్తుంది. నీకు పారిశ్రామిక వాడ గాలి చాలదా? ఫిలిప్పీన్స్ ఊసెత్తకు. 2014 హుద్‌హుద్ తుపాను రోజున మీ ఇంట్లో కిటికీలు పట్టుకుని నిలబడ్డ సంగతి గుర్తుంటే చాలు. అక్కడ అలాంటివి ఏటా వస్తాయి.

రూపాయి సంగతి కూడా మర్చిపోకు. 2010లో 45 దగ్గర ఉన్న డాలరు 2024కి 83 దాటింది. నీ సంపాదన రూపాయల్లో, ఖర్చు బాత్‌ల్లో. ఈరోజు నెలకు లక్ష సరిపోతుందనుకుంటే, పదిహేనేళ్ల తర్వాత అదే బతుకుకు ఎంతవుతుందో కాగితం మీద వేసి చూడు. బయటికి డబ్బు పంపడానికి మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది. ఏడాదిలో పది లక్షలు దాటితే పైమొత్తం మీద 20 శాతం టీసీఎస్ అని ముందుగానే పన్ను పట్టుకుంటారు. రిటర్న్ వేస్తే సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. రెండు ఆర్థిక సంవత్సరాలకు విడగొట్టి, మీ ఇద్దరి పేర్ల మీదా పంపు. ఎన్నారై అయ్యాక పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీము తెరవడానికి వీల్లేదు, మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నారైలకుండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చాలి. థాయ్‌లాండ్‌లో ఏడాదికి 180 రోజులు ఉంటే, 2024 నుంచి బయటి నుంచి తెచ్చుకున్న ఆదాయం మీద వాళ్లూ పన్ను అడుగుతున్నారు. ఇవన్నీ నా నోటితో విని ఊరుకోకు, బయల్దేరే ముందు ఒక మంచి ఆడిటర్ దగ్గర కూర్చో.

ముందు ఊరికే వెళ్లి ఉండి రండి, డిసెంబరులో కాదు. హువా హిన్‌కి అక్టోబరులో వెళ్లండి, వానలు అప్పుడే గట్టిగా పడతాయి. హోటల్లో కాకుండా వంటగది ఉన్న గది తీసుకోండి. అమ్మాయిని ఒక్కదాన్నే మార్కెట్‌కూ, మందుల షాపుకూ పంపు. నువ్వు గదిలోనే కూర్చో. తిరిగొచ్చాక తను "ఇంకో నెల ఉందాం" అంటే అప్పుడు వీసా ఫారాలు నింపు. తనకు ఇష్టం లేకపోతే బలవంతపెట్టకు. అప్పుడు అరకులోనో భీమిలి వైపో చిన్న ఇల్లు అద్దెకు తీసుకోండి, నాకూ రావడానికి దగ్గర.

వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. పీఎఫ్ స్టేట్‌మెంటు, ఇన్సూరెన్సు పాలసీలు, అమ్మాయి పేరు మీదున్న పాస్‌బుక్కులు విడిగా ఒక కవర్లో పెట్టి పట్టుకురా. పాస్‌పోర్టుల గడువు కూడా చూడు, నీదెప్పుడో పదేళ్ల క్రితం తీసుకున్నట్టు గుర్తు.

ఇట్లు,
మీ అత్త