శనక్కాయ చేను కావలి, సర్వర్ కావలి

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. గేమ్ థియరీతో కంప్యూటర్లను హ్యాకర్ల నుంచి కాపాడే చదువు చదువుతానంటోంది. ఆటలు చదివితే ఉద్యోగమొస్తుందా? మాది శనక్కాయ సేద్యం, ఇవేవీ తెలియవు. – ఒక తండ్రి, కళ్యాణదుర్గం

జవాబు: పేరులో ఆట ఉన్నా ఇది పక్కా లెక్కల చదువండీ, ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించి మన ఎత్తు వేసే లెక్క. మీకు తెలియని విషయమూ కాదు. రోజూ ఒకే గట్టున కూర్చుని చేను కావలి కాస్తే, నాలుగు రోజులకు అడవి పందులు రెండో గట్టున దిగవూ? హ్యాకరూ అంతే. మన కావలి ఎక్కడుందో ముందు గమనించి, తర్వాతే దిగుతాడు.

ఒక కంపెనీకి రెండు సర్వర్లు, అంటే సమాచారం దాచే పెద్ద కంప్యూటర్లు, ఉన్నాయనుకోండి. పెద్దదాని మీద దాడి జరిగితే 3 లక్షల నష్టం, చిన్నదాని మీద జరిగితే లక్ష. రాత్రికి ఒకదాన్నే కాయగలరు. ఎప్పుడూ పెద్దదాన్నే కాస్తే లక్ష పోయినట్టే. చెరిసగం కాస్తే దొంగ పెద్దదాని మీదే పడతాడు, సగటున లక్షన్నర నష్టం. నాలుగింట మూడు వంతులు పెద్దదానికి, ఒక వంతు చిన్నదానికి ఇస్తే? వాడు ఎటొచ్చినా సగటు నష్టం 75 వేలే. కాకపోతే ఏ రాత్రి ఎక్కడన్నది చీటీ తీసినట్టుండాలి. టైంటేబుల్ గోడకు అంటించారో, లెక్కంతా బూడిదలో పోసినట్టే.

కావలివాడు ముందు, చూసి దిగేవాడు తర్వాత అనే ఈ రకాన్ని స్టాకెల్‌బర్గ్ గేమ్ అంటారు. వ్యాపార పోటీ గురించి ఆ పేరుగల ఆర్థికవేత్త 1934లో చెప్పిన నమూనా ఇది. 2007లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో చెక్‌పోస్టులు ఎక్కడ పెట్టాలో, పోలీసు కుక్కలను ఎటు తిప్పాలో తేల్చడానికి కంప్యూటర్ శాస్త్రవేత్త మిలింద్ తాంబే బృందం దీన్నే వాడింది.

ఇక ఉద్యోగం. ‘గేమ్ థియరీ తెలిసినవారు కావలెను’ అనే ప్రకటన కోసం చూస్తే నిరాశే. డిగ్రీ కాగానే దొరికేది మామూలు సెక్యూరిటీ ఉద్యోగం. దానికి నెట్‌వర్కింగ్, లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చేతికి రావాలి. గేమ్ థియరీ అక్కరకొచ్చేది ఆ పైన, ముఖ్యంగా పరిశోధనలో. అటు వెళ్లాలంటే గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాసి ఐఐటీలోనో, బెంగళూరు ఐఐఎస్‌సీలోనో చేరడం మంచి దారి. కోచింగ్‌కు ఇప్పుడే డబ్బు కట్టకండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఎల్‌లో గేమ్ థియరీ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. అంతకన్నా ముందు గణితంలో ప్రాబబిలిటీ (సంభావ్యత), లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోమనండి. చాలామంది తడబడేది అక్కడే.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పై లెక్కను మూడు సర్వర్లకు చేసి, మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. ఇష్టంగా కూర్చుంటే అడ్డు చెప్పకండి. విసుక్కుంటే టెన్షన్ పడకండి, ఇంత గణితం అక్కర్లేని పనులు సెక్యూరిటీలోనే చాలా ఉన్నాయి.