నూటికి అరవై మంది వేయకపోయినా అది ప్రభుత్వమేనా?

ప్రశ్న: లాయర్ గారూ, నమస్కారం. మాది తెలంగాణ. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో గెలిచిన పార్టీకి వచ్చినవి 39 శాతం పైచిలుకు ఓట్లే. అంటే నూటికి అరవై మంది వద్దన్నట్టే కదా! అయినా 119 సీట్లలో 64 గెలిచి ఐదేళ్లు పాలించే హక్కు తెచ్చుకుంది. నా ఓటు వృథా అయిందన్న బాధ ఇప్పటికీ పోలేదు. ఈ ప్రభుత్వం చెల్లదని హైకోర్టుకు వెళ్లవచ్చా? గవర్నర్‌కు అర్జీ పెడితే ఏమైనా ఉపయోగం ఉంటుందా? ‘ఇది ప్రజలు కోరుకున్న ప్రభుత్వం కాదు’ అని వాట్సాప్ గ్రూపులో పెడితే కేసు పెడతారని ఒకాయన భయపెట్టారు. ఇంకొకాయన, మనం ఓటే వేయని ప్రభుత్వానికి పన్ను ఎందుకు కట్టాలంటున్నారు. వివరంగా చెప్పగలరు. – ఒక పాఠకుడు

జవాబు: ముందు అసలు విషయం చెప్పేస్తాను. ఆ ప్రభుత్వం చట్టప్రకారం చెల్లుతుంది. సగం ఓట్లు రాలేదన్న ఒక్క కారణంతో దాన్ని దింపే దారి కోర్టులోనూ లేదు, గవర్నర్ దగ్గరా లేదు. మీ బాధను తేలిక చేయడానికి ఈ మాట అనడం లేదు. ఇలాంటి ఉత్తరాలు ప్రతి ఎన్నికల తర్వాతా వస్తాయి. ఓడిన పార్టీ మారినప్పుడల్లా రాసేవాళ్లు మారతారు, ప్రశ్న మాత్రం మారదు.

కారణం ఒక చిన్న నిబంధనలో ఉంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 64వ నియమం ప్రకారం, చెల్లిన ఓట్లలో ఎవరికి అందరికంటే ఎక్కువ వచ్చాయో వారిని రిటర్నింగ్ అధికారి గెలిచినట్టు ప్రకటించాలి. ‘అందరికంటే ఎక్కువ’ అంటే చాలు, ‘సగం కంటే ఎక్కువ’ అక్కర్లేదు. ఒకవేళ ఇద్దరికి సమానంగా వస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ కింద లాటరీ తీస్తారు. చీటీ ఎవరి పేరున వస్తే వారికి ఒక ఓటు కలిపినట్టు లెక్క. విచిత్రం ఏమిటంటే, ఓట్లలో ఇంత వాటా రావాలని చట్టం పట్టుబట్టేది డిపాజిట్ దగ్గర. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే, గెలవని అభ్యర్థి కట్టిన సొమ్ము పోతుంది. గెలుపుకు మాత్రం అలాంటి గీత లేదు.

ఒక నియోజకవర్గాన్ని ఊహించుకోండి. మొత్తం ఓటర్లు 2,40,000. పోలైనవి 1,80,000. మొదటి అభ్యర్థికి 68,000, రెండో అభ్యర్థికి 61,000, మూడో అభ్యర్థికి 39,000, మిగతావాళ్లకూ నోటాకూ కలిపి 12,000 పడ్డాయి. మొదటాయన 7,000 మెజారిటీతో ఎమ్మెల్యే అయ్యారు. ఆయనకు వచ్చినవి పోలైన ఓట్లలో 38 శాతానికి కాస్త తక్కువ. ఓటరు జాబితా మొత్తంతో చూస్తే 28 శాతం. అయినా ఆయన పూర్తి ఎమ్మెల్యేనే, 80 శాతం ఓట్లతో గెలిచిన ఆయనకు సభలో ఉన్నదీ అదే ఒక్క ఓటు. ఇలాంటివాళ్లు అరవై నలుగురు ఒక వైపు చేరితే 119 మంది సభలో ప్రభుత్వం ఏర్పడుతుంది. మీ నియోజకవర్గం సంగతి చూడాలంటే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఫారం 20 ఉంటుంది. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో అందులో తెలుస్తుంది. మీరు వేసిన అభ్యర్థి గెలిచి ఉంటే, ఆయనకు కూడా సగం ఓట్లు వచ్చాయో లేదో ఒకసారి చూసుకోండి.

రాష్ట్రం మొత్తం శాతానికి చట్టంలో విలువే లేదు. 39 శాతం అనే అంకెనే తీసుకోండి. తెలంగాణలో 2023లో కాంగ్రెస్‌కు 39.4 శాతం వస్తే అధికారం దక్కింది, 37 శాతం దాటిన బీఆర్‌ఎస్ 39 సీట్ల దగ్గర ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి 39.2 శాతం వస్తే 175లో 23 సీట్లు మిగిలాయి. అదే రాష్ట్రంలో 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.4 శాతం వస్తే 11 సీట్లే. ఎదుట ఎంతమంది పోటీలో ఉన్నారు, వాళ్ల మధ్య ఓట్లు ఎలా చీలాయి, ఎవరెవరు పొత్తు పెట్టుకున్నారు అన్నదే తేడా. మూడు ముక్కలాటలో 39 గెలుస్తుంది, ముఖాముఖిలో చిత్తుగా ఓడుతుంది. కేంద్రంలోనూ ఇదే కథ. 1952 తొలి లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ 45 శాతం ఓట్లతో 489లో 364 సీట్లు గెలిచింది. 2014లో బీజేపీ 31 శాతంతో 282 సీట్లు తెచ్చుకుని సొంతంగా మెజారిటీ దాటింది. ఈ పద్ధతి వల్ల లాభపడని పెద్ద పార్టీ లేదు. అందుకే అధికారంలో ఉండగా దీన్ని మార్చాలని ఎవరూ తొందరపడరు. ఇది నా సొంత అభిప్రాయం.

ఇప్పుడు మీ లెక్క దగ్గర ఒక మాట. ‘అరవై మంది వద్దన్నారు’ అనడం సరికాదు. ఆ అరవై మంది ఒకే మాట మీద లేరు. వాళ్లలో కొందరు ఒక పార్టీని, కొందరు ఇంకో పార్టీని, కొందరు స్వతంత్రులను కోరుకున్నారు. బ్యాలెట్‌లో ‘ఎవరు కావాలి’ అనే అడిగారు, ‘ఎవరు వద్దు’ అని అడగలేదు. నోటా ఉంది కదా అంటారేమో. 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అది వచ్చింది. కానీ అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకే అందరికంటే ఎక్కువ పడినా, దాని తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు.

గవర్నర్ సంగతికి వద్దాం. రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం మంత్రివర్గం బాధ్యత వహించాల్సింది శాసనసభకు. ఓట్ల శాతాన్ని గవర్నర్ లెక్కలోకి తీసుకోరు, సభలో ఎంతమంది ఉన్నారో చూస్తారు. ‘ప్రజామద్దతు పోయింది’ అన్న వాదన ఇంతకుముందు ఒకసారి గట్టిగానే వచ్చింది. 1977 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడాక, జనతా ప్రభుత్వం తొమ్మిది కాంగ్రెస్ రాష్ట్రాల అసెంబ్లీలను రద్దు చేయించింది. అక్కడి ప్రజలు మిమ్మల్ని తిరస్కరించారు, మళ్లీ తీర్పు కోరండి అన్నది వాళ్ల వాదన. వాటిలో కొన్ని రాష్ట్రాలు సుప్రీంకోర్టుకు వెళ్లినా ఊరట దొరకలేదు. 1994లో ఎస్.ఆర్.బొమ్మై కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం రాష్ట్రాల్లో రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణానికి కళ్లెం వేసింది. ప్రభుత్వానికి మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది సభలోనే అని తేల్చింది. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయిందీ అలాగే: అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. కాబట్టి గవర్నర్‌కు అర్జీ ఇవ్వడానికి మీకు అడ్డు లేదు గానీ, ఓట్ల శాతం చూపించి ప్రభుత్వాన్ని తీసేయమంటే ఆయన చేయగలిగింది లేదు. చేయకపోవడమే మంచిది కూడా. ఇవాళ మీకు నచ్చని ప్రభుత్వాన్ని అలా దింపితే, రేపు మీకు నచ్చిన దానికీ అదే గతి పడుతుంది.

కోర్టు దారి ఉంది, కానీ చాలా ఇరుకు. రాజ్యాంగం 329(బి) ప్రకారం ఎన్నికను ఎలక్షన్ పిటిషన్ ద్వారానే సవాలు చేయాలి. అది కూడా మొత్తం ప్రభుత్వం మీద వేయడానికి ఉండదు, ఫలానా నియోజకవర్గంలో ఫలానా అభ్యర్థి ఎన్నిక మీద వేయాలి. అభ్యర్థే కానక్కర్లేదు, ఆ నియోజకవర్గం ఓటరు ఎవరైనా హైకోర్టులో వేయవచ్చు. ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజులే గడువు. ఒక్క రోజు ఆలస్యమైనా క్షమించే వీలు లేదు. ఖర్చుల హామీ కింద 2,000 రూపాయలు డిపాజిట్ చేయాలి, అది కట్టకపోయినా పిటిషన్ కొట్టేస్తారు. 2023 డిసెంబర్ 3న వచ్చిన ఫలితాలకు ఆ గడువు 2024 జనవరి మధ్యలోనే అయిపోయింది. గడువులోనే వచ్చి ఉన్నా మీకు కారణం కావాలి. డబ్బు పంచడం, బెదిరించడం, కులమతాల పేరిట ఓట్లడగడం, అభ్యర్థికి అర్హత లేకపోవడం, నామినేషన్‌ను తప్పుగా తిరస్కరించడం, నిబంధనలు తప్పడం వల్ల ఫలితమే తారుమారు కావడం లాంటివి ప్రజాప్రాతినిధ్య చట్టం 100వ సెక్షన్‌లో ఉన్నాయి. ‘సగం ఓట్లు రాలేదు’ అన్నది ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది గానీ, ఏళ్ల తరబడి నడిచిన పిటిషన్లు చాలానే ఉన్నాయి. ఓడిన కోపంలో వచ్చేవాళ్లకు నేను ముందు ఈ మాటే చెప్తాను: ఆధారాలు ఉంటే రండి, ఆవేశం ఒక్కటే ఉంటే ఫీజు దండగ.

పోనీ, ఈ పద్ధతే అన్యాయమని కోర్టులో కొట్లాడవచ్చా అంటే, నిలబడదనే నా అభిప్రాయం. ఇది పొరపాటున వచ్చిపడిన పద్ధతి కాదు. 1949 జనవరిలో రాజ్యాంగ సభలో దీని మీద చర్చ జరిగింది. వచ్చిన ఓట్లకు తగ్గట్టు సీట్లు దక్కాలని సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. అక్షరాస్యత తక్కువగా ఉన్న దేశంలో ఆ ఓటింగ్ కష్టమని, సభ ముక్కలైతే నిలకడైన ప్రభుత్వం ఉండదని ఆయన వాదన. ఎన్నికల చట్టాలు చేసే అధికారం 327వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. మార్చాలంటే అక్కడే మార్చాలి. లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలో, చట్టసభల్లో 25 శాతం సీట్లు అదనంగా పెట్టి వాటిని పార్టీలకు వచ్చిన ఓట్ల దామాషాలో నింపాలని సూచించింది. అది ఇప్పటికీ చట్టం కాలేదు.

సగం దాటాలన్న నియమం మనకు తెలియనిదేమీ కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల కౌంటింగ్ చూసే ఉంటారు. 2021లో నల్గొండ–ఖమ్మం–వరంగల్ స్థానానికి 71 మంది పోటీ చేశారు, బ్యాలెట్ దినపత్రికంత ఉంది. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ రావాలి. మొదటి ప్రాధాన్యతలో ఎవరికీ రాకపోతే కింది నుంచి ఒక్కొక్కరినీ తప్పిస్తూ, వాళ్ల ఓట్లను రెండో ప్రాధాన్యత చూసి పైవాళ్లకు కలుపుతూ పోవాలి. రోజుల తరబడి ఆ లెక్కింపు సాగింది. రాష్ట్రపతి ఎన్నికలోనూ ఇదే పద్ధతి. 1969లో వి.వి.గిరికి మొదటి ప్రాధాన్యతలో వచ్చిన ఓట్ల విలువ 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548. కావలసిన కోటా 4,18,169. ముందున్నా గిరి అక్కడితో గెలవలేదు, మిగతా ప్రాధాన్యతలు కలిపాక 4,20,077తో గట్టెక్కారు. అసెంబ్లీకి కూడా ఇలా పెట్టాలని కోరడం న్యాయమైన కోరికే. లెక్కింపు ఆలస్యమవుతుంది, చెల్లని ఓట్లు పెరుగుతాయి, అదీ నిజమే.

ప్రజల ఒత్తిడితో పద్ధతి మారిన దేశం ఉంది. న్యూజిలాండ్‌లో 1978లోనూ, 1981లోనూ లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చినా సీట్లు నేషనల్ పార్టీకి ఎక్కువ వచ్చాయి. ఆ అసంతృప్తి ముదిరి 1993లో రెఫరెండం దాకా వెళ్లింది. 1996 నుంచి అక్కడ ఓట్ల దామాషాకు తగ్గట్టు సభ ఏర్పడుతోంది. బ్రిటన్‌లో 2011లో ప్రాధాన్యత ఓటు మీద రెఫరెండం పెడితే 67.9 శాతం మంది వద్దన్నారు. అదే బ్రిటన్‌లో 2024లో లేబర్ పార్టీ 33.7 శాతం ఓట్లతో 650లో 411 సీట్లు గెలిచింది.

వాట్సాప్ గురించి టెన్షన్ పడకండి. ‘ఈ ప్రభుత్వానికి ప్రజల్లో మెజారిటీ లేదు’ అనడం అభిప్రాయం, దానికి రాజ్యాంగం 19(1)(ఎ) అండ ఉంది. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా తిట్టినా, హింసకు రెచ్చగొట్టకపోతే రాజద్రోహం కాదని సుప్రీంకోర్టు 1962లోనే కేదార్‌నాథ్ సింగ్ కేసులో చెప్పింది. కొత్త భారతీయ న్యాయ సంహిత 152వ సెక్షన్ వివరణలోనూ, చట్టబద్ధంగా మార్పు కోరుతూ ప్రభుత్వ చర్యలను విమర్శించడం నేరం కాదన్న అర్థం ఉంది. అయితే ఫలానా మంత్రి ఫలానా ఊళ్లో ఓట్లు కొన్నాడని ఆధారం లేకుండా రాస్తే అది విమర్శ కాదు, పరువునష్టం కేసు పడుతుంది. వేరేవాళ్లు పంపిందే ఫార్వర్డ్ చేశానంటే తప్పించుకోలేరు. ధర్నా చేయాలనుకుంటే శాంతియుతంగా చేయండి, పోలీసులకు ముందుగా రాసి అనుమతి కాగితం తీసుకోండి. 163వ సెక్షన్ కింద నిషేధాజ్ఞలు ఉన్న చోట గుమిగూడకండి. పాత సీఆర్‌పీసీలోని 144వ సెక్షనే అది, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో నంబరు మారింది.

ఇక పన్ను. 265వ అధికరణం ప్రకారం చట్టం ఆధారంతో వేసిన పన్ను కట్టాల్సిందే, మీరు ఎవరికి ఓటేశారన్నది దానికి సంబంధం లేదు. మానేస్తే వడ్డీ, పెనాల్టీ, నోటీసు వస్తాయి. ఆ సలహా ఇచ్చినాయన పన్ను ఆపాడో లేదో ముందు కనుక్కోండి.