ప్రోకోర్‌లో డిలీట్ చేసిన గాయం రికార్డు తిరిగి వస్తుందా?

వస్తుంది. అమెరికా కన్‌స్ట్రక్షన్ సైట్లలో వాడే ప్రోకోర్ సాఫ్ట్‌వేర్‌లో, ప్రమాదాలు నమోదు చేసే ఇన్సిడెంట్స్ టూల్ నుంచి డిలీట్ చేసిన ఇన్సిడెంట్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది. ఆ ప్రాజెక్టులో ఇన్సిడెంట్స్ తెరిచి, రీసైకిల్ బిన్ ట్యాబ్‌లో దాని పక్కనున్న రిట్రీవ్ నొక్కండి. ట్యాబ్ కనిపించకపోతే మీకు ఆ టూల్‌లో అడ్మిన్ పర్మిషన్ ఉందో లేదో ముందు కనుక్కోండి, లేకపోతే ఉన్నవాళ్లతో చేయించండి.

తిరిగొచ్చాక ఓసారి తెరిచి తేదీ, దెబ్బ తగిలిన చోటు, పనికి రాలేకపోయిన రోజులు, ఫొటోలు సరిచూసుకోండి.

దొరకడం లేదు కదా అని కొత్త ఎంట్రీ వేసేయడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. ప్రమాదం జరిగిన చాలా రోజులకు పుట్టిన రికార్డును చూస్తే ఎవరికైనా అనుమానమే. పైగా అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనల ప్రకారం 300 లాగ్ (ఏడాదిలో నమోదైన గాయాల జాబితా), 301 ఫారాలు (ఒక్కో గాయం వివరాలు) ఆ ఏడాది ముగిశాక మరో 5 ఏళ్లు ఉంచాలి. అంటే 2023 మార్చిలో తగిలిన దెబ్బకు 2028 డిసెంబరు 31 దాకా. గాయపడిన కార్మికుడు తన 301 ఫారం అడిగితే మర్నాటి పనిదినం ముగిసేలోగా కాపీ ఇవ్వాల్సిందే. అది అతని హక్కు. అందుకే డిలీట్ చేయగల పర్మిషన్ ఒకరిద్దరికే ఉంచండి.