ట్రైలర్ కోసం కొన్న టికెట్

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. మొదట ఫోన్‌లో చదివాను. తర్వాత ప్రింటు తీయించి, పెన్సిల్ పట్టుకుని మళ్ళీ చదివాను. మొహమాటపడకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా: కూరగాయలు తాజావే తెచ్చావు, మంటే కాస్త ఎక్కువైంది.

1999 మే నెలలో ‘స్టార్ వార్స్: ఎపిసోడ్ 1 – ది ఫాంటమ్ మెనేస్’ కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన పదకొండు మందితో మాట్లాడావు. అందులో నలుగురు మనవాళ్ళు, 2000 సంవత్సరానికి కంప్యూటర్లని సిద్ధంచేసే వైటూకే పని పుణ్యమా అని అప్పుడే అమెరికాలో దిగినవాళ్ళు. ఇంత తిరిగి, ఇంతమందిని మాట్లాడించి, మొదటి వాక్యంలోనే ఏం రాశావు? ‘పదహారేళ్ళ నిరీక్షణ చివరికి నిరాశగా మిగిలింది’ అని. అక్కడే కథ అయిపోయింది కదమ్మా! ఇక వాళ్ళు క్యూలో నిలబడితే నాకేం, ఇంట్లో పడుకుంటే నాకేం?

మే 18 రాత్రి ఆ క్యూలో ఉన్నవాళ్ళకి సినిమా ఎలా ఉంటుందో తెలీదు. నీకు తెలుసు. నీకు తెలిసింది వాళ్ళ జ్ఞాపకంలోకి చొరబడకుండా చూసుకోవడమే ఈ వ్యాసంలో నీకున్న అసలు పని. మిగతావన్నీ దిద్దుకోవచ్చు.

ఇది పుస్తకాల్లో చదివి చెప్తున్న మాట కాదు. నేనూ అప్పుడు న్యూజెర్సీలోనే ఉన్నాను. పగలంతా కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చేసే పని. రాత్రికి రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో నలుగురం. ఆ సినిమాకి అర్ధరాత్రి ఆట చూసొచ్చి, మరుసటి సంవత్సరం ఒక పత్రికకి వ్యాసం రాశాను. తెగ వెటకారంగా రాశాను. బ్రౌన్ దుప్పటి కప్పుకుని, ఆ సినిమాల్లోని వీరుల్లా తానూ జెడాయ్‌నని చెప్పుకున్న పెద్దమనిషిని, ప్లాస్టిక్ కత్తులతో కొట్టుకున్న లెక్చరర్లని ఆడుకున్నాను. చాలామంది నవ్వుకున్నారని ఎడిటర్ ఉత్తరం రాస్తే పొంగిపోయాను కూడా. ఇప్పుడు ఆ రాత్రి ఎలా గడిచిందని ఎవరైనా అడిగితే, నాకు గుర్తొచ్చేది ఆ రాత్రి కాదు, నేను రాసిన వ్యాసం. దుప్పటి పెద్దమనిషి మొహం ఎంత తన్నుకున్నా గుర్తుకు రాదు, వాడి మీద నేను వేసిన జోకు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. నీకూ అలా జరగకూడదనే ఇంత రాస్తున్నా.

ఇప్పుడు పేజీల్లోకి వద్దాం. ‘పదహారేళ్ళు’ అన్నావు. మూడో సినిమా వచ్చిన 1983 మే నుంచి 1999 మే దాకా లెక్క సరిపోయింది. కానీ నువ్వు మాట్లాడిన వాళ్ళలో పెద్దాయన ఒకాయన, 1980లోనే మొదలైందమ్మా మాకు, అన్నాడు. నువ్వు దాన్ని పట్టించుకోకుండా దాటేశావు. ఆయన చెప్పింది నిజం. 1977లో మొదటి సినిమా వచ్చినప్పుడు తెర మీద పైకి పాకే అక్షరాల్లో ఎపిసోడ్ నంబరు లేదు. 1980లో రెండో సినిమా మొదలవగానే ‘ఎపిసోడ్ 5’ అని పడింది. జనం తెల్లబోయారు. రెండోది అయిదు ఎలా అయింది? 1981లో మొదటి సినిమాని మళ్ళీ విడుదల చేస్తూ దానికి ‘ఎపిసోడ్ 4’ అని తగిలించారు. అంటే ముందు మూడు గదులున్నాయని, వాటికి తాళం వేసి ఉందని పిల్లలకి చెప్పినట్టయింది. పదేళ్ళ పిల్లాడికి అలా చెప్తే ఊరుకుంటాడా? 1977లో పదేళ్ళవాడు 1999కి ముప్పై రెండేళ్ళవాడై, తన కొడుకుని భుజాన వేసుకుని క్యూలో నిలబడ్డాడు. నీ వ్యాసానికి తలుపు ఇక్కడుంది, నిరాశ దగ్గర లేదు.

క్యూని మన బెనిఫిట్ షోతో పోల్చావు. తెలుగు పాఠకుడికి చప్పున అర్థమవుతుంది, ఒప్పుకుంటా. కానీ పోలిక సరిగ్గా అతకలేదు. బెనిఫిట్ షోకి వెళ్ళేవాడు హీరో కోసం వెళ్తాడు, కథ తెలీదు. వీళ్ళకి కథ ముందే తెలుసు. ఈ సినిమాలోని బంగారుజుట్టు పిల్లాడు పెద్దయ్యాక నల్ల ముసుగు వేసుకుని పాత సినిమాల విలన్ డార్త్ వేడర్ అవుతాడని అందరికీ తెలుసు. పోస్టరే ఆ మాట చెప్పేసింది: ఎడారిలో నడుస్తున్న పిల్లాడు, వెనక గోడ మీద వాడి నీడ మాత్రం వేడర్‌ది. పోలికే కావాలంటే తోలుబొమ్మలాట తీసుకో. రావణుడు చస్తాడని తెలియనివాడు ఊళ్ళో ఒక్కడూ ఉండడు, అయినా తెల్లారేదాకా చాప మీంచి లేవరు. ఏమవుతుందో తెలిసిన కథ కోసం ఇరవై ఏళ్ళు ఎదురుచూడటంలో ఏముందో నీ పదకొండుగురినీ విడివిడిగా అడుగు. ఎవరి జవాబు వాళ్ళది ఉంటుంది.

ట్రైలర్ భాగం బాగా రాశావు, అక్కడ నా పెన్సిల్‌కి పని పడలేదు. 1998 నవంబర్ 17, మంగళవారం. దేశం మొత్తమ్మీద డెబ్బై అయిదు థియేటర్లలోనే తొలి ట్రైలర్ వేశారు. దానికోసం పూర్తి ధర పెట్టి ‘మీట్ జో బ్లాక్’కి టికెట్ కొని, రెండు నిమిషాల పైచిలుకు ట్రైలర్ చూసి, మూడు గంటల అసలు సినిమాని వదిలేసి బయటికి నడిచినవాళ్ళు ఉన్నారు. మా ఆఫీసులో నా పక్క క్యూబికల్ ఆయన అలాగే చేశాడు. మర్నాడు పొద్దున కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ట్రైలర్‌లో విలన్ చేతిలోని ఎర్ర వెలుగు కత్తి రెండో వైపు నుంచి కూడా వెలిగినప్పుడు హాలు ఎలా అరిచిందో పెన్ను పట్టుకుని చేసి చూపించాడు. పాత మూడు సినిమాల వీడియో క్యాసెట్లు అరువిచ్చి నన్ను ఇందులోకి దింపింది ఆయనే.

మార్చిలో రెండో ట్రైలర్ ఇంటర్నెట్‌లోకి వచ్చింది. దాన్ని దింపుకోవడానికి మోడెమ్ పెట్టి శనివారం సాయంత్రం కూర్చున్నాం. ఇంటికి ఉన్నది ఒకటే ఫోన్ లైను. మాలో ఒకడు గుంటూరులో వాళ్ళమ్మకి చేయాలని కాలింగ్ కార్డు గీకి నంబరు పట్టుకుని మా వెనకే పచార్లు. ఎనభై శాతం దగ్గర ఉండగా ఓపిక నశించి రిసీవర్ ఎత్తాడు. అంతే, లైను కట్. ఎవరూ తిట్టలేదు, వాళ్ళమ్మ విషయం కదా. ఆ రాత్రి మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుని పడుకున్నాం.

ఇలాంటివి నీ నలుగురు మనవాళ్ళ దగ్గర కూడా ఉంటాయి, నువ్వే అడగలేదు. ‘మీకెలా అనిపించింది?’ అని అడిగావు. అలా అడిగితే ‘థ్రిల్లింగ్‌గా అనిపించింది’ అనే చెప్తారు, పాపం ఇంకేం చెప్తారు? ఎవరి కారులో వెళ్ళారు, రాత్రి ఏం తిన్నారు, మర్నాడు ఆఫీసులో ఏం అబద్ధం చెప్పారు అని అడుగు. మనిషికి తినుబండారం గుర్తొస్తే దాని వెనకాలే రాత్రంతా గుర్తొస్తుంది.

పాటల సీడీ సంగతి నీకు దొరకలేదనుకుంటా. సినిమాకి రెండు వారాల ముందే మే 4న జాన్ విలియమ్స్ సంగీతం సీడీ అమ్మకానికి పెట్టారు. అట్ట వెనక ట్రాకుల పేర్లు. అందులో ఒకటి ఒక ముఖ్యపాత్ర అంత్యక్రియల గురించి, పేరుతో సహా! సినిమా కోసం ఇన్నేళ్ళు ఆగినవాడికి షాపులో నిలబడగానే ఎవరు పోతారో తెలిసిపోయింది. మా పక్క క్యూబికల్ ఆయనకి ముందే ఎవరో హెచ్చరించారట. షాపువాడి చేతే సీడీ వెనక పక్క తెల్లకాగితం అంటించి టేపు వేయించుకుని తెచ్చుకున్నాడు. ఆ సీడీ రెండు వారాలు ఆయన టేబుల్ మీద కాగితంతోనే ఉంది. మేం ఎవరం ముట్టుకోలేదు. నా వెటకారం వ్యాసంలో ఈ సీడీ లేదు. నవ్వించదని వదిలేశాను.

అంకెల దగ్గర ఒక జాగ్రత్త. ‘ఆ రోజు 22 లక్షల మంది ఉద్యోగాలు ఎగ్గొట్టారు’ అని రాశావు. అది విడుదలకి ముందు ఒక కన్సల్టెన్సీ వేసిన అంచనా. ఎవరూ తలలు లెక్కపెట్టలేదు. అంచనా అని రాయి, లేదా తీసేయి. హాలీవుడ్ చైనీస్ థియేటర్ ముందు ఆరు వారాల ముందునుంచే జనం మకాం వేశారన్నది సరైనదే, దాన్ని పెంచు. టికెట్లు అమ్మకానికి వచ్చింది మే 12న. అంటే టికెట్లే లేని సినిమాకి ఏప్రిల్ నుంచి క్యూ. పేవ్‌మెంటు మీద వంతులేసుకుని పడుకుని, ఆ వంకతో జబ్బుపడిన పిల్లల సంస్థకి విరాళాలు కూడా పోగుచేశారు. మొదటిరోజు వసూలు రెండు కోట్ల ఎనభై అయిదు లక్షల డాలర్లని నువ్వు రెండుసార్లు రాశావు, ఒక్కసారి చాలు.

చివరి పేజీలో సినిమాలో నవ్వించడానికి పెట్టిన జార్ జార్ పాత్ర మీద, ఆ చిన్నపిల్లాడి నటన మీద జోకులున్నాయి. తీసేయమని నా సలహా. సినిమా వచ్చేనాటికి ఆ పిల్లాడి వేషం వేసిన జేక్ లాయిడ్‌కి పదేళ్ళు. జార్ జార్ వేషం వేసిన అహ్మద్ బెస్ట్, ఆ తిట్ల ధాటికి ఒక దశలో చచ్చిపోదామనుకున్నానని 2018లో తనే బయటికి చెప్పాడు. ఎదురుచూసినవాళ్ళ కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కదా, వీళ్ళ మీద దిగింది. రాయాలనుకుంటే ఆ సంగతే రాయి. జోకులు ఇప్పటికే బోలెడున్నాయి, అందులో నావీ ఉన్నాయి.

ఇంకొక్కటి. మూడో పేజీలో న్యూజెర్సీ ఎడిసన్ ఊళ్ళో ఉండే ఆయన గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. ఆ రాత్రి టికెట్ ముక్క ఆయన పర్సులో ఇప్పటికీ ఉందని, వెనక పెన్నుతో ఏదో రాసుందని. ఏం రాసుందో అడగలేదేం? ఈ ఆదివారం ఫోన్ చెయ్యి. టైము తేడా చూసుకుని చెయ్యి, పెద్దాయన త్వరగా పడుకుంటాడన్నావుగా.

ఉంటాను,
మీ మాస్టారు