పాత పెల్లెట్ పొయ్యి గురించి పరకాలలో ఉన్న మా బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. మొదటిసారి సకినాలు చూశాను, చుట్లు సన్నగా, మంచిగా వచ్చాయి. రెండోసారి పొయ్యి చూశాను. మూడోసారి పొయ్యి వెనక గోడ చూశాను. మసి కిటికీ పై అంచు దాకా పోయింది. కిటికీ మూసి ఉంది. దాని కింద గ్యాస్ సిలిండర్ పెట్టి ఉంది. పైగా పొద్దటి నుంచి మీ ఇద్దరికీ తల నొస్తోందని, నిద్ర చాలక కావచ్చని నువ్వే అన్నావు.

నిద్ర చాలక కాదు. ఇవాళ ఆ పొయ్యి ముట్టించకు. పండుగ ఆర్డర్లు ఉన్నాయని తెలుసు, అయినా రెండు మూడు రోజులు గ్యాస్ మీదే కానియ్యి, ఖర్చైతే అయింది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ మధ్యలో పిండి కలపడానికి పోతావు. అందుకే కూర్చొని రాసి, ఫొటో తీసి పంపుతున్నా. అల్లుడితో కూడా చదివించు.

ఆ పొయ్యి కొన్నందుకు నేను కోప్పడను. మెస్ నడిపే రోజుల్లో నేనూ ఇట్లాంటిదే, మూసేసిన హోటల్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నా. పెల్లెట్లంటే పొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న కడ్డీలే కదా, కిలో గ్యాస్ ఇచ్చే వేడికి అవి దాదాపు మూడు కిలోలు కావాలి. అంటే 19 కిలోల సిలిండర్ పనిని యాభై అయిదు, అరవై కిలోల పెల్లెట్లు చేయాలి. ఈ లెక్క గుర్తుపెట్టుకో. నీ పొయ్యి అంతకంటే బాగా ఎక్కువ తింటోందంటే సరిగ్గా మండడం లేదన్నట్టే, మిగతాది పొగ రూపంలో మీ ఊపిరితిత్తుల్లోకి పోతోంది.

మీ అమ్మమ్మ పొట్టు పొయ్యి నువ్వు చూసి ఉండవు. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరి కూరి గట్టిగా దట్టించి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి తీసేది. ఆ కన్నంలో నిప్పు వేస్తే ఇక దాని ఇష్టమే. అన్నం అయినా, పప్పు అయినా, పొట్టు అయిపోయేదాకా అది మండుతూనే ఉండేది. పెల్లెట్ పొయ్యి ఆ పొయ్యికి మనుమరాలు, ఫ్యాను ఒకటి తగిలించుకుంది, అంతే. గ్యాస్ పొయ్యి నాబ్ తిప్పితే ఆగుతుంది. ఇది ఆగదు. కొత్తగా కొన్నవాళ్లంతా ముట్టించడం నేర్చుకుంటారు, ఆర్పడం ఎవరూ అడగరు. నీకు అమ్మినవాడు కూడా చెప్పి ఉండడు.

ఫ్యాను ఏం చేస్తుందో ముందు తెలుసుకో. పెల్లెట్లు వేడెక్కితే వాటిలో నుంచి పొగ వస్తుంది. ఫ్యాను గాలి తగిలి ఆ పొగే మండుతుంది, నీకు కనిపించే మంట అదే. ఫ్యాను ఆగిందనుకో, నిప్పు ఆరదు. లోపల కణకణలాడుతూనే ఉంటుంది, పొగ వస్తూనే ఉంటుంది, కాని మండడానికి గాలి చాలదు. ఆ మండని పొగలోనే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు.

నా కథ నీకు ఎప్పుడూ చెప్పలేదు, సిగ్గుపడి.

కరోనా పోయిన తర్వాతి మాట. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, సాయంత్రం. చలిగాలి కొడుతోందని తలుపు దగ్గరకు వేశాం. నేల మీద బట్ట పరిచి సకినాలు, పొయ్యి మీద పెద్ద కడాయి నిండా నూనె. కరెంటు పోయింది. ఫ్యాను చప్పుడు ఆగింది, మంట చిన్నదై పోయింది. మంట పోయిందంటే పొయ్యి ఆరిందనుకున్నాం. సెల్ లైటు పెట్టుకుని చుట్టడం సాగించాం. పొయ్యిలో నుంచి తెల్లటి పొగ, పొంగు రాబోయే పాల మీది ఆవిరిలాగా, మెల్లగా వస్తూనే ఉంది. పావుగంట అయిందో లేదో, సకినాలు చుట్టే అక్క చేయి తప్పింది. ముప్పై ఏళ్ల నుంచి చుడుతున్న చేయి అది. మూడో చుట్టు పోయి రెండో చుట్టు మీద ఎక్కింది. ఆమె దాన్ని చూసి నవ్వింది, చెరిపి మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఎక్కింది. "అక్కా, కండ్లు తిరుగుతున్నయ్" అంటూ అట్లనే గోడకు ఒరిగింది.

నాకూ తల దిమ్ముగానే ఉంది. అప్పుడు నేను చేసిన తెలివైన పని ఏమిటంటే, కరోనా అప్పుడు కొన్న ఆక్సిమీటర్ తెచ్చి ఆమె వేలికి పెట్టాను. 98 చూపించింది. "ఆక్సిజన్ మంచిగానే ఉంది, ఏం కాదు, చాయ్ తాగు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. పక్కింటి పిల్లగాడు పొగ వాసనకు వచ్చి తలుపు తీసి, ఇద్దరినీ బయటికి లాక్కొచ్చాడు. దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. తెల్లారేసరికి ఆమె లేచి కూర్చుంది. డాక్టరమ్మ నాకు వివరంగా చెప్పింది: కార్బన్ మోనాక్సైడ్ రక్తాన్ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, వేలికి పెట్టే ఆ మిషన్ రెండింటికీ తేడా చూడలేదు. అందుకే మనిషి పడిపోతున్నా అది 98 అంటుంది. కాబట్టి బిడ్డా, ఆ మిషన్‌ను నమ్మకు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, తల తిరగడం, మత్తు వచ్చిందంటే ఇంకేం చూడకుండా బయటికి నడువు. బయట గాలికి కాసేపట్లో తగ్గినట్టు అనిపిస్తే అది పొయ్యి పనే. అయినా "తగ్గింది కదా" అని లోపలికి పోకండి. 108కి ఫోన్ చేసి, పొగ పీల్చామని స్పష్టంగా చెప్పండి. ఇవాళ్టి తలనొప్పికి కూడా, తగ్గుతుందేమోనని చూడకుండా, నువ్వు దవాఖానకు పోవాల్సిందే. చిన్నదాన్ని కూడా తీసుకుపో, పిల్లలకు తొందరగా ఎక్కుతుంది.

కరెంటు పోతే ఏం చేయాలో ఇప్పుడు చెబుతా, మనకు అసలు బాధ అదే కదా. మొదట తలుపులు, కిటికీలు బార్లా తెరువు. పిల్లలను బయటికి పంపు. ఫ్యాను స్విచ్ ఆపెయ్యి. ఇది ముఖ్యం, ఎందుకంటే లోపల పొగ నిండి ఉన్నప్పుడు కరెంటు వచ్చి ఫ్యాను ఒక్కసారి గాలి కొడితే, ఆ పొగంతా భగ్గున అంటుకుంటుంది. కనుబొమ్మలు కాల్చుకున్నవాళ్లు నాకు తెలుసు. పెల్లెట్లు పోసే డబ్బా మూత తెరిచి లోపలికి తొంగి చూడకు, తెరిచావంటే నిప్పు అటు ఎక్కుతుంది. కొత్త పెల్లెట్లు పోయకు. నీళ్లు అసలే పోయకు, ఎర్రగా కాలిన ఇనుము మీద నీళ్లు పడితే ఆవిరి మొహానికి కొడుతుంది, పొయ్యి కూడా పగులుతుంది. నూనె కడాయిని ఎత్తుకుని పరుగెత్తకు, దాని మీద మూత పెట్టి వదిలెయ్యి. నూనే అంటుకుంటే కూడా మూతే, నీళ్లు కాదు. మూత దొరక్కపోతే, మంట పెద్దదైతే అందరూ బయటికి, 101కి ఫోన్. కడాయికి సరిపోయే మూత ఒకటి, ఇసుక బకెట్ ఒకటి చేతికందే దూరంలో ఉండనే ఉండాలి. ఆ ఇసుక నేల మీద పడ్డ నిప్పుల కోసం, నూనె మంటకు కాదు.

చిన్న ఇన్వర్టర్ ఒకటి ఆ ఫ్యానుకు పెట్టించు. ఆ ఫ్యానుకు పెద్ద కరెంటేం పట్టదు. నేను ఆ సంఘటన తర్వాతే పెట్టించా.

మామూలుగా ఆర్పేటప్పుడు ఇంకో పద్ధతి. చివరి వాయికి అరగంట ముందే పెల్లెట్లు పోయడం ఆపు. లోపల ఉన్నది మండిపోనియ్యి. చివరికి ఎర్రటి నిప్పులు మిగులుతాయి, అప్పుడు కూడా ఫ్యానును సన్నగా తిరగనియ్యి. మొత్తం బూడిదయ్యాకే స్విచ్ ఆపు. పని అయిపోయిందని ముందే ఫ్యాను ఆపి పడుకోవడం, నేను కరెంటు పోయినప్పుడు చేసిన తప్పును మన చేతులతో మనమే చేయడం.

ఇక పొయ్యి. నీ వీడియోలో మంట పసుపు పచ్చగా, కొసకు నల్లగా ఉంది. రెండు కారణాలుంటాయి: గాలి చాలకనో, పెల్లెట్లు తడిసో. పూర్తిగా చల్లారాక, మర్నాడు పొద్దున, ప్లగ్గు పీకేసి చూడు. లోపలి గిన్నెకు చుట్టూ చిన్న కన్నాలుంటాయి, గాలి వచ్చేది వాటిలో నుంచే. సగం మూసుకుపోయి ఉంటాయని పందెం. పల్లికాయ పొట్టు, పత్తి కట్టె కలిపిన పెల్లెట్లలో మట్టి ఉంటే, బూడిద కరిగి కమ్మరి కొలిమిలో చిట్టెంలాగా గడ్డకడుతుంది. ఇనుప చువ్వతో కన్నం కన్నం పొడిచి శుభ్రం చెయ్యి, కాని పెద్దవి చేయకు. గిన్నెకు పగులు ఉండి అవతలి వెలుగు కనబడితే ఇంక ఏ రిపేరు చేయించకు.

తర్వాత ఫ్యాను వేసి, నిప్పు లేకుండా, అగరుబత్తి వెలిగించి అతుకుల వెంట మెల్లగా తిప్పు. పొగ నిలువుగా పోతుంటే సరే, ఎక్కడైనా చటుక్కున పక్కకు విసురుకుంటే అక్కడ గాలి కారుతోంది. మంట ఉన్నప్పుడు అక్కడి నుంచే పొగ కారుతుంది. పెల్లెట్ల డబ్బా మూత అంచుకు గాలి కారకుండా, వేడికి తట్టుకునే నార తాడు ఉంటుంది, మూతలో కాగితం పెట్టి మూసి లాగు. సులువుగా వచ్చేస్తే తాడు పోయింది. పాత తాడు పొడిపొడిగా రాలుతుంటే గీకి దుమ్ము లేపకు, తడిపి తీయించు, అవి ఏ కాలం నాటివో, దేంతో చేశారో తెలియదు. ఎంసీల్ పెట్టి అతికిద్దామని అల్లుడు అంటాడు, నాకు తెలుసు. అది ఆ వేడికి మాడిపోతుంది. బట్టీలకు వాడే, నిప్పుకు తట్టుకునే సిమెంటు అడగండి.

వైర్లు నేను వీడియోలోనే చూశాను. రెగ్యులేటర్ ఉండాల్సిన చోట రెండు వైర్లు కలిపి టేపు చుట్టి ఉంది. అంటే ఫ్యాను ఎప్పుడూ ఒకటే వేగం, నీకు మంట పెంచే తగ్గించే వీలు లేదు. మరుగుతున్న నూనె కింద అట్లాంటి మంటా? ఆ పని నువ్వూ వద్దు, అల్లుడూ వద్దు, కరెంటు పని తెలిసినవాణ్ణి పిలువు. రెగ్యులేటర్ వేయించు, వేడికి తట్టుకునే వైరు వేయించు, ఎర్తింగ్ ఉందో లేదో చూపించు. ఫ్యాను మీద ఎన్ని వోల్టులని రాసుందో చూసి దానికి తగిన అడాప్టరే పెట్టమను. పెద్ద ఫ్యాను పెడితే మంట బాగా వస్తుందని అంటే వినకు, అది నిప్పురవ్వలను ఎగజిమ్ముతుంది.

పొయ్యి ఇంట్లో మాత్రం వద్దు. వెనక రేకుల షెడ్డు ఉంది కదా, రెండు వైపులా తెరిచి ఉంటుంది, అక్కడ పెట్టు. పొగ గొట్టం రేకు పైకి రెండు మూడు అడుగులు లేచి ఉండాలి, మీద వాన పడని టోపీ ఉండాలి. గొట్టం కర్ర దూలానికి, ప్లాస్టిక్ పట్టాకు తగలకూడదు. చాలా రోజులు వాడకపోతే మళ్లీ ముట్టించే ముందు లోపల చూడు, ఒకసారి నా గొట్టంలో పావురం గూడు దొరికింది. సిలిండర్‌ను వేరే వైపు పెట్టు. కార్బన్ మోనాక్సైడ్ అలారం అని దొరుకుతుంది, పొగ అలారం వేరు, ఇది వేరు. షెడ్డు పక్కన మీరు పడుకునే అర్రలో ఒకటి పెట్టుకో.

పెల్లెట్ల సంచులు నేల మీద, గోడకు ఆనించి ఉన్నాయి. చెక్కల మీద పెట్టు, లేదా మూత ఉన్న డ్రమ్ములో పోసుకో. మంచి పెల్లెట్ విరిస్తే టక్కున విరుగుతుంది, చేతిలో పొడి రాలదు. సంచి అడుగున పొడి ఎక్కువుంటే దాన్ని పొయ్యిలో పోయకు, కన్నాలన్నీ మూసేస్తుంది.

బూడిద సంగతి చిన్నది అనుకుంటారు. పైన తెల్లగా చల్లగా ఉంటుంది, లోపల నిప్పు రోజుల తరబడి బతికి ఉండొచ్చు. మూత ఉన్న ఇనుప డబ్బాలో పోసి బయట నేల మీద పెట్టు, లోపల దాకా పూర్తిగా చల్లారాక మొక్కలకో, గిన్నెలు తోమడానికో వాడుకో. ప్లాస్టిక్ కవర్లో కట్టి చెత్త బండిలో వేయకు, పాపం ఆ బండి మీద పనిచేసే పిల్లల చేతులు కాలుతాయి.

ఇన్ని చూశాక గిన్నె పగిలి ఉందంటే, రిపేరుకు డబ్బులు పెట్టకు. పాత ఇనుము కింద కిలోల లెక్కన ఇచ్చెయ్యి. ఎంత నష్టమైనా సరే, దాన్ని ఇంకో ఆడపిల్లకు పొయ్యి అని చెప్పి అమ్మకు.

ఆదివారం పొద్దటి బస్సుకు వస్తున్నా. అగరుబత్తీలు, టార్చిలైటు నేనే తెస్తాను. నైలాన్ చీర తీసి నూలు చీర కట్టుకో, కొంగు నడుముకు చెక్కుకో. నేను వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉండాలి.

పైలం బిడ్డా.

మీ పెద్దమ్మ